ఇన్వెంటర్ అని ఎవరిని అనాలి?

రాగితీగ:
అందరికీ నమస్కారం. నేను సబ్‌మెర్సిబుల్ మోటార్లు తయారుచేసే ఒక కంపెనీలో డిజైన్ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. కొన్నాళ్లుగా ఒక విషయం మనసులో నలుగుతోంది. తెలిసినవాళ్లు చెబుతారని ఇక్కడ పెడుతున్నాను.

నీళ్లలో ఇసుక ఉంటే మోటారు బుష్ (షాఫ్టు తిరగడానికి ఆధారంగా ఉండే గుండ్రటి భాగం) తొందరగా అరిగిపోతుంది. షాఫ్టు పక్కనుంచి సన్న ఇసుక లోపలికి చేరి, ముందు రబ్బరు సీలును, తర్వాత బుష్‌ను గీరేస్తుంది. మా ఎండీ గారు ఒక మీటింగులో దీనికి ఏదో ఒక దారి చూడమన్నారు. డిజైన్ వాళ్లం గట్టి రబ్బరు పెట్టి చూశాం, సీలు మందం పెంచి చూశాం. పెద్ద తేడా రాలేదు. అప్పుడు మా లేత్ సెక్షన్‌లో టర్నర్ ఒకాయన, ఎవరూ అడగకుండానే, స్లీవు (షాఫ్టుకు తొడిగే గొట్టం) మీద మెలికలుగా ఒక గాడి తీసి తెచ్చాడు. షాఫ్టు తిరుగుతున్నంతసేపు ఆ గాడి నీటినీ దాంతోపాటు ఇసుకనూ బయటివైపుకే నెడుతుంది. చుట్టు ఏ దిక్కుకు ఉండాలో, ఎంత లోతు తీయాలో మొదటి ముక్కకు ఆయనే అనుకుని తీశాడు. ఆ తర్వాత నేను డ్రాయింగు వేశాను. మా కొలీగ్ ఒకామె, గాడి లోతు లోపలివైపు వెళ్లేకొద్దీ తగ్గాలని కనిపెట్టింది. దాంతో పని పూర్తిగా కుదిరింది.

ఇప్పుడు కంపెనీ బ్రోచర్‌లో ఎండీ గారి ఫొటో కింద 'ఇన్వెంటర్' అని వేశారు. టర్నర్ పేరు ఎక్కడా లేదు, మా కొలీగ్ పేరూ లేదు. అడిగితే "కంపెనీ ఆయనది, డబ్బు ఆయనది, ఇంకెవరు ఇన్వెంటర్?" అన్నారు. ఇంకొకాయన "గాడే కదా, దానికి ఇన్వెన్షన్ అని పేరా?" అన్నాడు. ఈ మాట అసలు ఎవరికి వాడాలి?

పాతపుస్తకం:
ముందు ఆ "గాడే కదా" అన్నాయన సంగతి చూద్దాం. ఆవిరి యంత్రం అనగానే అందరికీ జేమ్స్ వాట్ గుర్తొస్తాడు. కానీ వాట్ పుట్టకముందే, 1712లోనే, థామస్ న్యూకొమెన్ యంత్రం గనుల్లో నీళ్లు తోడుతోంది. గ్లాస్గో యూనివర్సిటీలో ఉన్న న్యూకొమెన్ యంత్రం నమూనా ఒకటి రిపేరుకు వస్తే, దాని మీద పనిచేస్తూ వాట్ ఒక లోపం పట్టుకున్నాడు. ఒకే సిలిండర్‌ను ప్రతిసారీ వేడి చేయడం, మళ్లీ చల్లార్చడం వల్ల ఆవిరిలో ఎక్కువ భాగం వృథా అయిపోతోంది. ఆవిరిని చల్లార్చే పని వేరే పాత్రలో జరిగితే సిలిండర్ ఎప్పుడూ వేడిగానే ఉంటుంది కదా అని 1765లో ఆయనకు తట్టింది. 1769లో పేటెంట్ వచ్చింది.

ఆయన చేసింది, ఉన్న యంత్రానికి ఒక పాత్ర కలపడమే. అయినా ఆయన్ని ఇన్వెంటర్ కాదని ఎవరూ అనరు. వస్తువు పెద్దదా చిన్నదా అన్నది లెక్క కాదు. అంతకుముందు లేని ఉపాయం అందులో ఉందా లేదా అన్నదే లెక్క. మీ టర్నర్ గాడిలో అది ఉంది.

గళ్లనోటుబుక్:
రాగితీగ గారూ, నేను పేటెంట్ అప్లికేషన్లు రాసే పనిలో ఉన్నాను. ముందు ఒకటి చెప్పండి, అప్లికేషన్ పడిందా? బ్రోచర్‌లో గాడి బొమ్మ కూడా వేశారా? అప్లికేషన్ కంటే ముందే వివరం బయటికి వస్తే కొత్తదనమే పోయి, పేటెంటే రాకపోవచ్చు. పేరు సంగతి తర్వాత.

రాగితీగ:
ప్రొవిజనల్, అంటే తాత్కాలిక అప్లికేషన్, వేశాకే బ్రోచర్ అచ్చు వేయించారు మేడమ్. పూర్తి వివరాలుండే కంప్లీట్ స్పెసిఫికేషన్ ఇంకా వేయలేదు.

గళ్లనోటుబుక్:
అయితే నయం, సమయం ఉంది. ఇక అసలు విషయం.

ఏ పేటెంట్ అయినా తీసి మొదటి పేజీ చూడండి. 71 అనే అంకె పక్కన అప్లికెంట్ పేరుంటుంది, 72 అనే అంకె పక్కన ఇన్వెంటర్ పేరుంటుంది. ఈ అంకెలు చాలా దేశాల పేటెంట్ ఆఫీసులకు ఉమ్మడి. మొదటిది హక్కు అడుగుతున్నవాళ్లది, రెండోది ఆలోచన చేసినవాళ్లది. డబ్బు పెట్టిన కంపెనీకి 71 దగ్గర చోటుంది. కాబట్టి "డబ్బు ఆయనది కాబట్టి ఇన్వెంటర్ ఆయనే" అనే మాట నిలవదు. ఆ రెండూ వేరని గుర్తించారు కాబట్టే రెండు వేర్వేరు గళ్లు పెట్టారు. 72 దగ్గర కంపెనీ పేరు రాయడం కుదరదు, అక్కడ మనుషులే ఉండాలి.

మన 1970 పేటెంట్స్ చట్టంలో 'ట్రూ అండ్ ఫస్ట్ ఇన్వెంటర్' అనే మాట ఉంది. బయటి దేశం నుంచి ఒక ఇన్వెన్షన్‌ను మొదటిసారి ఇక్కడికి దిగుమతి చేసినవాడు ఈ మాట కిందికి రాడని చట్టమే చెబుతుంది. తీసుకొచ్చినవాడు, పెట్టుబడి పెట్టినవాడు, అమ్మినవాడు, వీళ్లెవరూ ఆ ఒక్క పనితో ఇన్వెంటర్లు కారు.

మేం ఎలా తేలుస్తామంటే, క్లెయిములు (ఏ కొత్తదనానికి హక్కు అడుగుతున్నామో చెప్పే వాక్యాలు) ముందు పెట్టుకుని ఒక్కొక్కదానికీ "ఇది ఎవరి బుర్రలోంచి వచ్చింది?" అని అడుగుతాం. మీరు చెప్పినదాన్ని బట్టి, బయటికి నెట్టే మెలిక గాడి అన్న క్లెయిము టర్నర్‌ది. లోపలికి వెళ్లేకొద్దీ లోతు తగ్గడం అన్న క్లెయిము మీ కొలీగ్‌ది. ఇద్దరూ ఇన్వెంటర్లే. "ఇసుక సమస్యకు దారి చూడండి" అన్నది సమస్య చెప్పడమే గానీ పరిష్కారం కాదు. మీరు కేవలం డ్రాయింగే వేసి ఉంటే మీరూ ఇన్వెంటర్ కారు. ఏమీ అనుకోకండి.

రాగితీగ:
అనుకోవడానికేముంది మేడమ్. నా పేరు కోసం అడగలేదు.

లెడ్జర్:
నేను చిన్న పరిశ్రమ నడుపుతున్నాను. రెండో వైపు కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి కాబట్టి రాస్తున్నాను. ఆ టర్నర్ గాడి తీయడానికి లేత్ కంపెనీదే, స్లీవు కంపెనీదే, టెస్ట్ బెడ్ కంపెనీదే. ఆ ముక్క పనిచేయకపోతే నష్టం కూడా కంపెనీదే. ఐడియాలు వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. వాటిని మార్కెట్ దాకా మోసేవాళ్లు తక్కువ. ఆ మోత మోసినవాడికి ఒక పేరు దక్కకూడదా? ఎడిసన్‌కు అమెరికాలో 1,093 పేటెంట్లు ఉన్నాయి. అన్నీ ఒక్కడే కూర్చుని చేశాడా? ల్యాబు నిండా మనుషులు. అయినా లోకం ఎడిసన్ అనే అంటుంది.

పాతపుస్తకం:
లెడ్జర్ గారూ, ఎడిసన్ సంగతి తీశారు కాబట్టి, ఆయన ఫోనోగ్రాఫ్ కథే చూడండి. 1877లో ఎడిసన్ ఒక స్కెచ్ గీసి జాన్ క్రూసీ అనే తన మెకానిక్ చేతికిచ్చాడు. రేకు చుట్టిన సిలిండర్, సూది, తిప్పే పిడి, మొత్తం యంత్రాన్ని క్రూసీ తన చేతులతో చేశాడు. అయినా ఫోనోగ్రాఫ్ ఇన్వెంటర్ ఎడిసనే, అందులో అన్యాయం లేదు. ఎందుకంటే ఆలోచన ఎడిసన్‌ది.

ఇప్పుడు దీనికి తిరగేసిన కథ. వాట్ దగ్గర విలియం మర్డాక్ అనే ఉద్యోగి ఉండేవాడు. ఆవిరి యంత్రం పైకీ కిందికీ ఆడే కదలికను గుండ్రంగా తిప్పే కదలికగా మార్చడానికి, ఒక పళ్ల చక్రం చుట్టూ ఇంకో పళ్ల చక్రం తిరిగే ఏర్పాటు ఒకటి ఉంది. దాన్ని 'సన్ అండ్ ప్లానెట్ గేర్' అంటారు. 1781లో దానికి పేటెంట్ వాట్ పేరు మీద వచ్చింది. ఆలోచన మర్డాక్‌దని చాలామంది చరిత్రకారులు అంటారు. వాట్ కండెన్సర్ (ఆవిరిని చల్లార్చే ఆ వేరే పాత్ర) గురించి నేను పైన ఎంత గౌరవంగా రాశానో చూశారు కదా. ఈ గేరు దగ్గరకొచ్చేసరికి ఆ గౌరవంతో రాయలేను. కొలత మాత్రం రెండు చోట్లా ఒకటే. మీ టర్నర్ క్రూసీ స్థానంలో ఉన్నాడా, మర్డాక్ స్థానంలో ఉన్నాడా? ఎవరో ఇచ్చిన స్కెచ్ ప్రకారం గాడి తీయలేదు. తనకు తోచి తీశాడు. మర్డాక్ స్థానంలోనే ఉన్నాడు.

రాత్రిడ్యూటీ:
నేను ఫిట్టర్‌ని. ఇంజినీరు గార్ల మధ్య మాట్లాడటం అలవాటు లేదు కానీ ఇది చదివాక ఊరుకోలేకపోతున్నాను.

షాప్ ఫ్లోర్‌లో ప్రతి మెషీన్ మీదా మేం చేసుకున్న మార్పులుంటాయి. జాబ్ జారకుండా ఒక స్టాపర్, చిప్స్ మొహం మీదికి ఎగరకుండా వంచిన రేకు, ఒకేసారి రెండు రంధ్రాలు పడేలా ఒక జిగ్. ఇంజినీరు వచ్చి చూసి, బాగుందని ఫొటో తీసుకుని వెళ్తాడు. తర్వాత ఆఫీసు గోడ మీద ఆ ఫొటో కింద డిపార్ట్‌మెంట్ పేరు ఉంటుంది. సొమ్మొకడిది, సోకొకడిది. మాకు జీతం ఇస్తున్నారు, నిజమే. జీతం ఎనిమిది గంటల పనికి. ఆ పనిలో ఇలాంటివి ఆలోచించి పెట్టమని ఎవరూ చెప్పలేదు, చెప్పరు కూడా. మెషీన్‌తో రోజూ ఉండేవాడికి దాని బాధ తెలుస్తుంది, అందుకే తడుతుంది.

లెడ్జర్ సార్, మోత మోసినవాళ్లకు పేరు దక్కాలన్నారు. దక్కాలి సార్, ఓనర్ అనే పేరు, ఫౌండర్ అనే పేరు ఉన్నాయి కదా. మా వాళ్లకు ఉన్నది ఈ ఒక్క పేరే. అదీ తీసుకుంటే ఇంకేం మిగులుతుంది?

లెడ్జర్:
మీ మాట కాదనలేను తమ్ముడూ. నేను అడిగింది డబ్బు పెట్టినవాడి కష్టాన్ని కూడా గుర్తించమని. దానికి వేరే మాట ఉందన్నారు, ఒప్పుకుంటున్నాను. ఒక్క సందేహం. రేపు ప్రతి చిన్న మార్పుకూ ఒకరొచ్చి 'నేను ఇన్వెంటర్‌ని' అంటే?

నల్లబల్ల:
నా భయం కూడా అదే. నేను సైన్సు టీచర్‌ని. స్కూలు ఎగ్జిబిషన్‌లో పిల్లలు మోటారు, బ్యాటరీ పెట్టి ఒక మోడల్ చేస్తారు. మర్నాడు పేపర్లో 'యువ శాస్త్రవేత్త' అని వస్తుంది, ఇంట్లోవాళ్లు 'మావాడు ఇన్వెంటర్' అంటారు. అదే మోడల్ పక్క స్కూల్లో ఇంకో పది మంది చేసి ఉంటారు. పిల్లల ఉత్సాహం మీద నీళ్లు చల్లాలని కాదు. కానీ కిట్ చూసి బిగించడానికీ, లేనిదాన్ని ఊహించడానికీ తేడా ఉందని వాళ్లకు పదేళ్ల వయసులోనే తెలియాలి. బిగించడం నేర్చుకోవడం గొప్ప పనే. దానికి తగ్గ మెప్పు దానికి ఉండాలి. ఇన్వెంటర్ అనే మాట మాత్రం అందరికీ పంచితే, నిజంగా ఏదో కొత్తది చేసిన పిల్ల వచ్చినప్పుడు ఆమెకివ్వడానికి మన దగ్గర మాట మిగలదు.

ఇంకొకటి. కనుక్కోవడం వేరు, తయారుచేయడం వేరు. 1928లో ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుక్కున్నాడు. ఆ బూజు, దాని గుణం ముందే ప్రకృతిలో ఉన్నాయి. దాన్ని శుద్ధి చేసి మందుగా నిలబెట్టింది ఫ్లోరీ, చెయిన్, హీట్‌లీ వాళ్లు. ఫ్లెమింగ్‌ను ఇన్వెంటర్ అనడం సరికాదు. అలాగని ఆయన తక్కువవాడని కాదు. ప్రకృతి నియమాన్ని కనుక్కున్నందుకు పేటెంట్ ఇవ్వరు కూడా.

గళ్లనోటుబుక్:
లెడ్జర్ గారి సందేహానికి జవాబు: చట్టంలోనే జల్లెడ ఉంది. ఆ రంగంలో మామూలు నైపుణ్యం ఉన్నవాడికి ఎవరికైనా తట్టే మార్పయితే అది ఇన్వెన్షన్ కాదు. కాబట్టి ప్రతి స్టాపరూ, ప్రతి రేకూ పేటెంట్‌కు రావు. అయితే ఆ జల్లెడ పేటెంట్‌కు సంబంధించింది. గోడ మీద ఫొటో కింద పేరు రాయడానికి దాంతో పనిలేదు. రాత్రిడ్యూటీ గారు అడుగుతున్నది ఆ పేరే అనుకుంటాను.

కొత్తచిగురు:
ఇంగ్లీషు మాట ఎందుకు, 'ఆవిష్కర్త' అని తెలుగులో చక్కగా ఉంది కదా? అందరూ ఇన్వెంటర్ అనే వాడుతున్నారు.

పాతపుస్తకం:
నేనూ తెలుగు వైపే ఉండేవాణ్ణి. కానీ పుస్తకావిష్కరణ ఆహ్వానపత్రం ఒకటి తీసి చూడండి. 'ఆవిష్కర్త' అని ఎవరి పేరుంటుంది? ఆ రోజు వేదికెక్కి రిబ్బన్ విప్పే ముఖ్య అతిథి పేరు. పుస్తకం రాసినాయన పేరు ఇంకో చోట ఉంటుంది. విగ్రహావిష్కరణలోనూ అంతే, చెక్కిన శిల్పి ఆవిష్కర్త కాడు. సరిగ్గా ఈ చర్చలో మనం వేరు చేయాలనుకుంటున్న ఇద్దరినీ ఆ ఒక్క మాట కలిపేస్తోంది. ఇక 'సృష్టికర్త' అంటే దేవుడు గుర్తొస్తాడు, 'శాస్త్రవేత్త' వేరే వృత్తి, 'క్రియేటర్' అంటే ఇవాళ వీడియోలు చేసేవాళ్లు. సందర్భం బట్టి ఆవిష్కర్త అని రాయండి, తప్పులేదు. కానీ బ్రోచర్‌లో, పేటెంట్ కాగితంలో, అనుమానానికి తావు ఉండకూడని చోట ఇన్వెంటర్ అనడమే మేలు. లేత్, బుష్, బోల్టు అన్నట్టే అదీ మన మాటే అయిపోయింది. టర్నర్లూ ఫిట్టర్లూ ఆ మాటే అంటారు.

కొత్తచిగురు:
ఆహ్వానపత్రం సంగతి నాకు తట్టలేదు. సరే. ఇంకో ప్రశ్న, ఇప్పుడు ఏఐతో డిజైన్లు చేయిస్తున్నారు. దాన్ని ఇన్వెంటర్ అనొచ్చా?

గళ్లనోటుబుక్:
దీని మీద కోర్టులు ఇప్పటికే మాట్లాడాయి. స్టీఫెన్ థేలర్ అనే ఆయన తన ఏఐ వ్యవస్థ 'డాబస్'ను ఇన్వెంటర్‌గా చూపిస్తూ చాలా దేశాల్లో అప్లికేషన్లు వేశాడు. అమెరికా అప్పీళ్ల కోర్టు 2022లో, బ్రిటన్ సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో కుదరదన్నాయి, ఇన్వెంటర్ మనిషే అయి ఉండాలని. దక్షిణాఫ్రికా మాత్రం 2021లో ఆ అప్లికేషన్‌కు పేటెంట్ ఇచ్చింది. నా మట్టుకు నాకు కోర్టులు చెప్పిందే సబబు. లేకపోతే రేపు ప్రతి కంపెనీ 'ఇది మా సాఫ్ట్‌వేర్ చేసింది' అని రాసి, దాని ముందు కూర్చుని ఆలోచించిన మనిషి పేరు ఎగరగొట్టేస్తుంది.

సముద్రపుగాలి:
చట్టంలోని 'ట్రూ అండ్ ఫస్ట్ ఇన్వెంటర్'లో 'ఫస్ట్' అనే మాట గురించి ఎవరూ అడగలేదు. ఒకే సమయంలో ఇద్దరికి తడితే?

పాతపుస్తకం:
తడుతుంది, చాలాసార్లు తట్టింది. 1876 ఫిబ్రవరి 14న గ్రహంబెల్ టెలిఫోన్ అప్లికేషన్ పడింది, అదే రోజు ఎలీషా గ్రే కూడా తన కాగితం దాఖలు చేశాడు. కరెంటు బల్బు దగ్గర అమెరికాలో ఎడిసన్, ఇంగ్లండ్‌లో జోసెఫ్ స్వాన్. చివరికి ఇంగ్లండ్‌లో ఇద్దరూ కలిసి ఒకే కంపెనీ పెట్టుకున్నారు. రేడియో దగ్గర ఇంకా చిక్కు. జగదీశ్‌చంద్ర బోస్ 1895లో కలకత్తాలో గోడల అవతలికి తరంగాలు పంపి గంట మోగించి చూపించాడు. ఆయనకు పేటెంట్ల మీద మనసులేదు, మిత్రుల ఒత్తిడితో అమెరికాలో ఒకటి తీసుకున్నాడు, 1904లో వచ్చింది. మార్కోనీకి 1909లో నోబెల్ వచ్చింది, కార్ల్ బ్రౌన్‌తో కలిపి. రేడియోకు 'ఇన్వెంటర్' అని ఏకవచనంలో రాయడమే పొరపాటని నాకనిపిస్తుంది. బహువచనం వాడితే ఎవరి గొప్పతనం తగ్గదు.

గళ్లనోటుబుక్:
చట్టం సంగతికొస్తే, ఇప్పుడు దాదాపు అన్నిచోట్లా ముందు దాఖలు చేసినవాళ్లదే హక్కు. అమెరికా కూడా 2013 మార్చి నుంచి ఆ దారికే వచ్చింది. అలాగని వేరేవాళ్ల ఆలోచన ఎత్తుకెళ్లి ముందు దాఖలు చేస్తే చెల్లదు. మార్గరెట్ నైట్ అనే ఆమె అడుగు చదునుగా ఉండే పేపరు సంచులు తయారుచేసే యంత్రం రూపొందించింది. వర్క్‌షాపులో ఇనుప నమూనా చేయిస్తున్నప్పుడు చార్లెస్ అన్నన్ అనేవాడు చూసి, తనదిగా దాఖలు చేశాడు. ఆమె పోరాడింది. డ్రాయింగులు, నోట్సు, నమూనాలు, సాక్షులు, అన్నీ ముందు పెట్టింది. 1871లో పేటెంట్ ఆమెకే వచ్చింది. రాగితీగ గారూ, ఇది మీకోసమే చెబుతున్నాను. టర్నర్ తీసిన మొదటి ముక్క ఎక్కడుంది?

రాగితీగ:
ఆయన టూల్ బాక్సులోనే ఉంది మేడమ్, పాత గుడ్డలో చుట్టి. గాడి అంచులు కొంచెం గరుకుగా ఉన్నాయి, ఒకచోట టూల్ జారిన గీత కూడా ఉంది. ఆ రోజు జాబ్ కార్డు వెనక ఆయన పెన్సిల్‌తో గాడి బొమ్మ వేసి లోతు రాసుకున్నాడు. కార్డు మీద తేదీ, సూపర్‌వైజర్ సంతకం ఉన్నాయి.

గళ్లనోటుబుక్:
ఆ కార్డు బంగారం. రెండు వైపులా ఫొటో తీయించండి, ముక్కతో పాటు ఒరిజినల్ జాగ్రత్తగా దాచమనండి.

ఇక చేయవలసింది. కంప్లీట్ స్పెసిఫికేషన్‌తో ఫారం 5 వెళ్లాలి, ఇన్వెంటర్లు ఎవరన్న డిక్లరేషన్ అది. అందులో ఇద్దరి పేర్లూ రావాలి. అప్లికెంట్ కంపెనీ అయినప్పుడు, ఇన్వెంటర్ల నుంచి తనకు హక్కు ఎలా వచ్చిందో కంపెనీ చూపించాలి. అసలు ఇన్వెంటర్‌ను వదిలేసి వేరే పేరు రాస్తే రేపు ఆ పేటెంట్‌నే ఎవరైనా సవాలు చేయొచ్చు. మీ ఎండీ గారికి ఈ ముక్క చెప్పండి, న్యాయం గురించి చెప్పే పది మాటల కంటే ఇది తొందరగా ఎక్కుతుంది. అప్పటికీ వినకపోతే, 28వ సెక్షన్ కింద తన పేరు ఇన్వెంటర్‌గా చేర్చమని టర్నర్ స్వయంగా అడగొచ్చు. పేటెంట్ మంజూరు కాకముందే అడగాలి. ఆ పేరు చేరినంత మాత్రాన పేటెంట్ మీద హక్కు రాదు, అది కంపెనీదే. ఈ సంగతి కూడా ఎండీ గారికి చెబితే సగం టెన్షన్ తగ్గుతుంది.

రాగితీగ:
వారం తర్వాత రాస్తున్నాను. మా పేటెంట్ ఏజెంట్ వచ్చినప్పుడు క్లెయిములు ముందు పెట్టి, ఏది ఎవరి ఆలోచనో మీరు చెప్పినట్టే అడిగించాను. టర్నర్‌ని కూడా పిలిపించారు. జాబ్ కార్డు చూపించి, చుట్టు దిక్కు ఎందుకు అలా పెట్టాడో ఆయన రెండు నిమిషాల్లో చెప్పేసరికి ఇంకెవరూ మాట్లాడలేదు. ఫారంలో ఆయన పేరూ, మా కొలీగ్ పేరూ రాశారు. ఎండీ గారు అభ్యంతరం చెప్పలేదు. బ్రోచర్ మాత్రం మళ్లీ అచ్చు వేయించడం ఇప్పట్లో కుదరదన్నారు, అది నాకు నచ్చలేదు.

రాత్రిడ్యూటీ:
బ్రోచర్ కస్టమర్లకు వెళ్లేది కదా అన్నా. కస్టమర్‌కు ఆ పేరే తెలుస్తుంది. వెబ్‌సైట్ ఉంటే అందులోనైనా మార్చమనండి, దానికి అచ్చు ఖర్చు లేదు.

లెడ్జర్:
అవును, వెబ్‌సైట్ మార్చడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఎండీ గారి ఫొటో కింద 'మేనేజింగ్ డైరెక్టర్' అని వేసి, గాడి బొమ్మ పక్కన ఆ ఇద్దరి పేర్లు ఇన్వెంటర్లుగా వేయమనండి. మా షెడ్డులో కూడా ఇంప్రూవ్‌మెంట్ బోర్డు మీద డిపార్ట్‌మెంట్ పేరే ఉంటోంది. సోమవారం నుంచి మనుషుల పేర్లు రాయిస్తున్నాను.

నల్లబల్ల:
రాగితీగ గారూ, మంజూరు కాకముందే 'పేటెంట్ పొందిన' అని మాత్రం రాయనివ్వకండి. అప్లికేషన్ దశలో ఉందని రాయమనండి.

గళ్లనోటుబుక్:
సరిగ్గా చెప్పారు. ఇంకొకటి, 2024లో రూల్స్ మారాక పేటెంట్ వచ్చిన తర్వాత ఇన్వెంటర్‌కు విడిగా సర్టిఫికెట్ తీసుకునే వీలుంది. ఫారం 8ఏ. అది దానంతటది రాదు, అడగాలి. టర్నర్ గారికి ఇప్పుడే చెప్పి ఉంచండి.